కలయిక తర్వాత నొప్పి: ఏది రేపటిదాకా ఆగుతుంది, ఏది ఆగదు

శృంగారం తర్వాత అంగంలోనో, వృషణాల్లోనో, పొత్తికడుపు కిందనో నొప్పి వస్తోందంటూ మగవాళ్లు రాసిన ఉత్తరాలన్నీ ఈసారి ఒకచోట పెట్టాం. వాళ్ల తరఫున భార్య రాసిన ఉత్తరం కూడా ఉంది. చాలామంది అడిగింది ఒకటే: ‘ఇది ఆస్పత్రికి వెళ్లాల్సినంత విషయమా?’ అని. నొప్పి ఎంత ఉందన్నదాన్ని బట్టి దీనికి జవాబు చెప్పలేం. ఎలా మొదలైంది, ఎక్కడ ఉంది, దానితోపాటు ఇంకేం కనిపించాయి అన్నదాన్ని బట్టి చెప్పాలి. చర్మం మీద సన్నని పగులుకు కూడా ప్రాణం పోయేంత మంట పుడుతుంది, కానీ అది వారం పది రోజుల్లో మానుతుంది. మెలిపడిన వృషణంలో నొప్పి మధ్యాహ్నానికి తగ్గినట్టే ఉండొచ్చు, అప్పటికి వృషణం చచ్చిపోయి ఉండొచ్చు.

అందుకే ముందుగా ఒక మాట. కలయికలో ‘టప్’మని చప్పుడై అంగం వెంటనే మెత్తబడి వాచినా, ఒక వృషణంలో ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చి వాంతి అయినా, స్తంభన 4 గంటలు దాటినా దిగకపోయినా, వెనక్కి వెళ్లిన ముందుచర్మం మళ్లీ ముందుకు రాకుండా బిగుసుకుపోయినా, మూత్రం రావడం ఆగిపోయినా పత్రిక పక్కన పెట్టి క్యాజువాలిటీకి బయల్దేరండి. అర్ధరాత్రి అయినా సరే, 108కి ఫోన్ చేసి అయినా సరే. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు.

నాకు 27 ఏళ్లు. పెళ్లయి మూడు వారాలైంది. మొన్న కలయిక మధ్యలో చురుక్కుమంది. చూస్తే దుప్పటి నిండా రక్తం. అంగం కిందివైపు నరం తెగింది. ఇక సంసారానికి పనికిరానేమో అని భయంగా ఉంది.
— ఓ పాఠకుడు, కరీంనగర్ జిల్లా

భయపడకండి. మీకు తెగింది నరం కాదు. అంగం మొనకు కిందివైపున, ముందుచర్మాన్ని మొనతో కలిపి ఉంచే సన్నని చర్మపు పట్టీ ఒకటి ఉంటుంది. దాంట్లో చిన్న రక్తనాళం పోతుంది. స్తంభించినప్పుడు అంగంలో రక్తం ఒత్తిడి ఎక్కువ కాబట్టి చిన్న చిరుగుకే రక్తం ధారగా వస్తుంది. చూసేవాళ్లకు గుండె ఆగినంత పనవుతుంది. స్తంభనకు, పిల్లలు పుట్టడానికి ఈ పట్టీతో ఏ సంబంధమూ లేదు.

ఇలా జరిగినప్పుడు శుభ్రమైన గుడ్డ మడతపెట్టి, తెగిన చోట రెండు వేళ్ల మధ్య గట్టిగా నొక్కి పట్టుకోవాలి. గడియారం చూసుకుని 10 నుంచి 15 నిమిషాలు వదలకుండా పట్టుకోవాలి. నిమిషానికోసారి ఎత్తి చూస్తే గడ్డకట్టిన రక్తం లేచిపోయి మళ్లీ మొదటికొస్తుంది. చాలామంది విషయంలో రక్తం ఆగకపోవడానికి కారణం ఈ ఎత్తి చూడటమే. అరగంట నొక్కినా ఆగకపోతే, లేదా మీరు గుండె జబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ఆస్పత్రికి వెళ్లండి, ఒకటి రెండు కుట్లతో సరిపోతుంది. పసుపు, సున్నం, కాఫీపొడి, టూత్‌పేస్టు ఏవీ పెట్టొద్దు. రోజుకు రెండుసార్లు మామూలు నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది, పైన పల్చగా వ్యాజ్‌లిన్ రాస్తే చాలు.

అసలు కష్టం ఇక్కడినుంచి మొదలవుతుంది. నాలుగైదు రోజులకు నొప్పి పోతుంది, పుండు మానిందనుకుని మళ్లీ కలుస్తారు, అది మళ్లీ తెగుతుంది. ప్రతిసారీ తెగిన చోట మచ్చ గట్టిపడి పట్టీ ఇంకా పొట్టిదవుతుంది, ఇంకా తేలిగ్గా తెగుతుంది. కాబట్టి కనీసం రెండు వారాలు ఆగండి. ముందుచర్మం వెనక్కి లాగినప్పుడు ఏమాత్రం లాగినట్టు అనిపించకపోతేనే కలవండి. కొత్త దంపతుల్లో తొందర వల్ల, భయం వల్ల అమ్మాయికి తడి సరిగా ఊరదు. ఆ రాపిడికే సగం చిరుగులు వస్తాయి. మెడికల్ షాపులో నీటి ఆధారిత లూబ్రికెంట్ జెల్ దొరుకుతుంది, మొదటి నెలల్లో వాడుకోండి.

రెండోసారి కూడా అదే చోట తెగితే యూరాలజిస్టుకు (మూత్ర, పురుషాంగ సమస్యల డాక్టరుకు) చూపించండి. పట్టీ పుట్టుకతోనే పొట్టిగా ఉన్నవాళ్లకు దాన్ని అడ్డంగా కోసి నిలువుగా కుట్టే చిన్న ఆపరేషన్ ఉంది. ఆ చోట మాత్రమే మత్తిచ్చి చేస్తారు, ఆ రోజే ఇంటికి పంపేస్తారు. కుట్లు వాటంతటవే కరిగిపోతాయి. నాలుగు నుంచి ఆరు వారాలు కలయిక మానాలి. ముందుచర్మం మొత్తంగానే బిగుతుగా ఉంటే, డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్ క్రీము ఆ బిగుసుకున్న అంచుకు రోజుకు రెండుసార్లు చొప్పున కొన్ని వారాలు రాస్తూ, మెల్లగా వెనక్కి లాగడం అలవాటు చేస్తే చాలామందికి వదులవుతుంది. సున్తీ ఆఖరి దారి. బలవంతంగా ఒకేసారి వెనక్కి లాగొద్దు, అది అక్కడే ఇరుక్కుని మొన వాచిపోయే ప్రమాదం ఉంది. అలా ఇరుక్కుంటే మొనను గుప్పిట్లో పట్టి కొన్ని నిమిషాలు మెల్లగా ఒత్తి, వాపు తగ్గించి, చర్మాన్ని ముందుకు తేవడానికి చూడండి. రాకపోతే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లండి.

వయసు 46. కలిసిన ప్రతిసారీ మరుసటి రోజు ముందుచర్మం అంచున నిలువు పగుళ్లు, మంట. మూత్రం తగిలితే ప్రాణం పోతుంది. వేడి చేసిందని సబ్జా, బార్లీ నీళ్లు తాగాను. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది, మానేస్తే మళ్లీ వస్తుంది. ఏడాదిగా ఇదే వరస.
— ఓ పాఠకుడు, గుంటూరు

సబ్జా గింజల సంగతి పక్కన పెట్టి, రేపు పొద్దున్నే పరగడుపున షుగరు పరీక్ష చేయించుకోండి. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా చేయించండి. నలభై దాటిన మగవాడికి ముందుచర్మం అంచున పగుళ్లు పదేపదే వస్తుంటే మేం మొదట అడిగేది షుగరు గురించే. తనకు షుగరు ఉందని చాలామందికి తొలిసారి తెలిసేది ఇక్కడే. పరగడుపున 126 గానీ అంతకు మించి గానీ ఉన్నా, హెచ్‌బీఏ1సీ 6.5 గానీ అంతకు మించి గానీ ఉన్నా షుగరు ఉన్నట్టే లెక్క. కాకపోతే లక్షణాలు లేనివాళ్లకు మరోసారి చేసి ఖాయపరుస్తారు.

ఎందుకిలా అవుతుందంటే, షుగరు ఎక్కువైతే మూత్రంలోకి గ్లూకోజు పోతుంది. మూత్రం పోసిన తర్వాత చర్మం మడత కింద ఓ చుక్క మిగిలిపోతుంది. వెచ్చగా, తడిగా, తియ్యగా ఉన్న ఆ చోటు క్యాండిడా ఫంగస్‌కు పండగే. ఫంగస్‌తో చర్మం ఒరిసి, సాగే గుణం పోతుంది. కలయికలో సాగాల్సి వచ్చినప్పుడు పగులుతుంది. ఇప్పటికే షుగరుకు మందులు వాడుతుంటే చీటీ ఒకసారి చూడండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి పేర్లుంటే, అవి పని చేసే పద్ధతే చక్కెరను మూత్రంలోకి పంపడం. మంచి మందులే, గుండెకూ కిడ్నీకీ మేలు చేస్తాయి, కానీ ఈ ఫంగస్ వాటితో కాస్త ఎక్కువ వస్తుంది. మీ అంతట మీరు ఆపేయకండి, రాసిన డాక్టరుకు ఈ పగుళ్ల సంగతి చెప్పండి.

ఇక ఆ ట్యూబు. షాపుల్లో ‘దురదకు’ అని అడిగితే చేతికిచ్చే ట్యూబుల్లో చాలావాటిలో ఫంగస్ మందు, యాంటీబయోటిక్, బలమైన స్టెరాయిడ్ మూడూ కలిసి ఉంటాయి. అట్ట మీద క్లోబెటసాల్ అనో బెక్లోమెథసోన్ అనో ఉందేమో చదవండి. స్టెరాయిడ్ ఎరుపును, మంటను రెండు రోజుల్లో అణిచేస్తుంది. అందుకే మీకు తగ్గినట్టు అనిపిస్తుంది. కింద ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతూనే ఉంటుంది. నెలలు వాడితే చర్మం కాగితంలా పల్చబడి, అంతకు ముందు పగలని చోట కూడా పగులుతుంది. పై జవాబులో స్టెరాయిడ్ క్రీము మంచిదన్నాం కదా అని మీరు అడగొచ్చు. అది డాక్టరు చూసి, ఫంగస్ లేదని తేల్చి, ఫలానా చోట, ఫలానా వారాలు అని లెక్కపెట్టి ఇచ్చేది. ఇది వేరు.

మీరు వాడాల్సింది ఒక్క మందే ఉన్న క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము. ముందుచర్మం వెనక్కి వచ్చినంత మేర తీసి, సబ్బు లేకుండా నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పల్చగా రాయాలి. పొద్దునా రాత్రీ చొప్పున 7 నుంచి 14 రోజులు. పగుళ్లు మూడో రోజుకే మానినా కోర్సు ఆపొద్దు. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ మొనను టిష్యూతో అద్దుకోండి. చిన్న పనే కానీ ఫలితం పెద్దది. యాంటీసెప్టిక్ లిక్విడ్ నీళ్లలో కలిపి కడుక్కునే అలవాటుంటే మానేయండి, ఆ మంట ఫంగస్ మంటకు తోడవుతుంది. మీ భార్యకు దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట ఉంటే ఆమెకూ వైద్యం జరగాలి, లేకపోతే మీ ఇద్దరి మధ్య అది తిరుగుతూనే ఉంటుంది. ఆమెకు ఏమీ లేకపోతే మందులు అక్కర్లేదు.

రెండు వారాలకు తగ్గకపోతే చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి. అంచు తెల్లగా, గట్టిగా, ఉంగరంలా మారుతోందా? మూత్రం ధార సన్నబడిందా, రెండుగా చీలుతోందా? అయితే అది లైకెన్ స్క్లెరోసస్ అనే వేరే చర్మవ్యాధి కావచ్చు, దాని వైద్యం వేరు. చర్మం బిగుసుకుపోయి వెనక్కే రాకపోతే షుగరు అదుపులోకి వచ్చాక సున్తీ చేయించుకోవడమే మేలు. నాలుగు వారాలు దాటినా మానని పుండు, గడ్డ, కందలాంటి పెరుగుదల ఉంటే మాత్రం ముక్క పరీక్ష చేయించాల్సిందే. అంగానికి వచ్చే క్యాన్సర్ ఎక్కువగా ఇలా ఏళ్ల తరబడి బిగుసుకుపోయిన చర్మం కిందే, ఎవరికీ కనిపించకుండా పెరుగుతుంది.

మా ఆయనకు 41 ఏళ్లు. రెండు నెలల కిందట రాత్రి కలయికలో ఉండగా ‘టప్’మంది. ఆయన కెవ్వుమన్నారు. నిమిషాల్లో అంగం వాచి వంకాయలా నల్లబడింది. ఆస్పత్రికి వెళ్దామంటే పరువు పోతుందన్నారు. ఐస్ పెట్టుకుని నొప్పి మాత్రలు వేసుకున్నారు. వాపు దిగింది. ఇప్పుడు స్తంభించినప్పుడు ఎడమకు వంగుతోంది, ఒకచోట గింజలా గట్టిగా తగులుతోంది. నా వల్లే అయిందా?
— ఓ సోదరి, అనకాపల్లి

మీ వల్ల కాదమ్మా. ఇది ఎవరి తప్పూ కాదు, ప్రమాదం.

అంగంలో ఎముక లేకపోయినా దీన్ని ఫ్రాక్చర్ అనే అంటారు. లోపల రక్తం నిండే రెండు గొట్టాల చుట్టూ గట్టి పొర ఉంటుంది. మామూలప్పుడు అది సుమారు 2 మిల్లీమీటర్ల మందం. స్తంభించినప్పుడు సాగి అర మిల్లీమీటరు, అంతకంటే తక్కువకు పల్చబడుతుంది. అలాంటప్పుడు అంగం జారి బయటికొచ్చి, తిరిగి వెళ్లే వేగంలో ఎదుటివారి కటి ఎముకకు కొట్టుకుంటే ఆ పొర పుటుక్కున చీలుతుంది. ఆ చప్పుడు అదే. లోపలి రక్తం చర్మం కిందకు వచ్చేస్తుంది కాబట్టి అంగం వెంటనే మెత్తబడుతుంది, నల్లబడుతుంది. స్త్రీ పైన ఉన్నప్పుడు, వేగం ఎక్కువైనప్పుడు ఎక్కువగా జరుగుతుంది. స్తంభించిన అంగాన్ని చేత్తో బలవంతంగా వంచి అణచినా జరుగుతుంది.

ఆ రాత్రే వెళ్లి ఉంటే చర్మం తెరిచి, రక్తపు గడ్డ తీసి, చీలిన పొరను కుట్టేవాళ్లు. 24 గంటల్లోపు జరిగితే చాలామందిలో అంగం ఎప్పటిలా పని చేస్తుంది. కొందరిలో మూత్రనాళం కూడా చీలుతుంది. మూత్రద్వారం దగ్గర రక్తం కనిపించడం, మూత్రం రాకపోవడం దానికి గుర్తు. ఐస్ గుడ్డలో చుట్టి పెట్టుకోవచ్చు, అది ఆస్పత్రికి వెళ్లే దారిలో చేసే పని, వైద్యం కాదు. ఇది చదివే వాళ్లందరికీ చెబుతున్నాం: క్యాజువాలిటీ డాక్టరుకు ఇది పరువు సంగతి కాదు, కాలు విరిగినట్టే ఓ గాయం. జారిపడ్డాను అని చెప్పొద్దు. ఎలా జరిగిందో చెబితేనే సమయం కలిసొస్తుంది.

ఇప్పటి సంగతి. కుట్టని చీలిక మచ్చగా గట్టిపడింది, మచ్చ సాగదు కాబట్టి అంగం అటువైపు వంగుతోంది. మసాజులు, నూనెలు, లాగుళ్లు వద్దు. స్తంభించినప్పుడు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటోలు ఆయన ఫోన్‌లోనే తీసుకుని యూరాలజిస్టుకు చూపించమనండి. వంపు ఎంతో అంచనా వేయడానికి అవి చాలా ఉపయోగపడతాయి. డాప్లర్ స్కాన్ చేసి రక్తప్రసరణ ఎలా ఉందో, మచ్చ ఎంత ఉందో చూస్తారు. వంపు సరిచేసే ఆపరేషన్ ఉంది, కానీ మచ్చ నిలకడకు వచ్చేదాకా, అంటే సాధారణంగా చాలా నెలలు ఆగి చేస్తారు. వంపు కొద్దిగా ఉండి కలయికకు అడ్డు రాకపోతే ఆపరేషనే అక్కర్లేదు. స్తంభన మెత్తగా ఉంటే దానికి వేరే మందులున్నాయి. కలయికలో నొప్పి ఉంటే డాక్టరు చూసేదాకా ఆపండి.

గాయమేమీ లేకుండానే, నలభైలు యాభైల్లో, మెల్లగా గట్టి పలక ఏర్పడి అంగం వంగడం కూడా ఉంది. పెరోనీస్ అంటారు. షుగరున్నవాళ్లలో కాస్త ఎక్కువ. మొదటి నెలల్లో స్తంభించినప్పుడు నొప్పి ఉంటుంది, తర్వాత నొప్పి తగ్గి వంపు మిగులుతుంది. మొదట్లోనే చూపిస్తే మంచిది.

నేను బీటెక్ విద్యార్థిని, 21 ఏళ్లు. స్నేహితురాలిని కలిసిన పది రోజులకు కుడి వృషణం నొప్పి మొదలైంది. రెండు రోజుల్లో వాచింది. మూత్రంలో మంట, పొద్దున లేచేసరికి అండర్‌వేర్ మీద మరక. ఇంట్లో చెప్పలేను.
— ఓ పాఠకుడు, హైదరాబాద్

ఇంట్లో చెప్పక్కర్లేదు, డాక్టరుకు చెప్పాలి. అదీ ఇవాళే.

నొప్పి నిమిషాల్లో పెరిగిందా, రెండు రోజుల్లో పెరిగిందా అన్నదే మీ వయసులో తేల్చాల్సిన మొదటి సంగతి. వృషణం తన తాడు చుట్టూ మెలిపడితే నొప్పి ఉన్నట్టుండి మొదలవుతుంది, వాంతి వస్తుంది, వృషణం పైకి లాగినట్టు అడ్డంగా ఉంటుంది. నిద్రలో రావచ్చు, ఆటలో రావచ్చు, కలయిక తర్వాతా రావచ్చు. 6 గంటల్లోపు మెలిక విప్పితే వృషణం దక్కుతుంది, ఆ తర్వాత గంటగంటకూ ఆశ తగ్గుతుంది. స్కాన్ కోసం ఊరంతా తిరగకూడదు, ఆపరేషన్ చేసే ఆస్పత్రికే నేరుగా వెళ్లాలి.

మీరు రాసినదాన్ని బట్టి మీది అది కాకపోవచ్చు. మెల్లగా పెరిగిన నొప్పి, మూత్రంలో మంట, స్రావం, ఇవన్నీ వృషణం వెనుక ఉండే వీర్యనాళికకు ఇన్‌ఫెక్షన్ సోకినప్పటి లక్షణాలు. మీ వయసులో ఎక్కువగా కలయిక ద్వారా సోకే క్లమీడియా, గనేరియా వల్ల వస్తుంది. గనేరియా అయితే కలిసిన రెండు నుంచి ఐదు రోజుల్లో చీములాంటి స్రావం కనిపిస్తుంది. క్లమీడియా ఒకటి నుంచి మూడు వారాలు తీసుకుంటుంది, స్రావం పల్చగా నీళ్లలా ఉంటుంది. 35 దాటినవాళ్లలో అయితే మూత్రంలో ఉండే మామూలు బ్యాక్టీరియా వల్లే ఎక్కువ.

ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో, జిల్లా ఆస్పత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది. చర్మ, సుఖవ్యాధుల ఓపీ దగ్గర అడగండి. పరీక్ష, కౌన్సెలింగ్, మందులు అన్నీ ఉచితం. జబ్బు లక్షణాలను బట్టి రంగుల కిట్లుగా కట్టిన మందులు అక్కడే చేతికిస్తారు. వివరాలు గోప్యంగా ఉంచుతారు. ఏ క్లినిక్ ఎక్కడుందో ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసినా చెబుతారు. వెళ్లేముందు గంట రెండు గంటలు మూత్రం పోయకుండా వెళ్లండి, మొదటి మూత్రంలోనే క్రిములు బాగా దొరుకుతాయి. మిగిలిపోయిన యాంటీబయోటిక్ మాత్ర ఒకటి వేసుకుని వెళ్తే పరీక్షలో ఏమీ కనిపించకపోవచ్చు, జబ్బు మాత్రం ఉంటుంది.

వృషణాలకు ఊతం ఇచ్చే బిగుతు అండర్‌వేర్ వేసుకుని, పడుకున్నప్పుడు కింద మడతపెట్టిన టవల్ పెట్టుకుంటే నొప్పి బాగా తగ్గుతుంది. మందులు మొదలుపెట్టిన మూడు రోజులకు కూడా మెరుగు లేకపోతే మళ్లీ వెళ్లాలి. వాపు పూర్తిగా దిగడానికి వారాలు పట్టొచ్చు, కానీ నెల దాటినా అలాగే ఉంటే టీబీ కూడా చూడాలి. ఆ అమ్మాయికీ వైద్యం జరగాలి. ఆమెకు లక్షణాలేమీ లేకపోవచ్చు, కానీ లోపల గర్భాశయ నాళాలు దెబ్బతిని ముందుముందు పిల్లలు పుట్టడం కష్టం కావచ్చు. ఈ మాట ఆమెకు చెప్పడం మీ బాధ్యత. ఇద్దరి మందులూ పూర్తయి వారం గడిచేదాకా కలవొద్దు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా చేయించుకోండి. అనుమానం ఉన్న కలయిక జరిగి 72 గంటలు దాటకపోతే హెచ్‌ఐవీ సోకకుండా 28 రోజులు వాడే మందులు ప్రభుత్వాసుపత్రిలో ఇస్తారు. మీకు ఆ గడువు దాటింది, చదివే మరొకరికి పనికొస్తుందని చెబుతున్నాం.

నా వయసు 37, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. స్ఖలనం అయ్యేటప్పుడు, ఆ తర్వాత ఓ రోజంతా వృషణాలకు మలద్వారానికి మధ్య పోటు. ఆరు నెలలైంది. మూత్ర పరీక్ష, వీర్యం కల్చర్, స్కాన్ అన్నీ నార్మల్. నాలుగు రకాల యాంటీబయోటిక్‌లు అయ్యాయి. యూట్యూబ్ చూసి కెగెల్ వ్యాయామాలు చేస్తున్నా.
— ఓ పాఠకుడు, బెంగళూరు

ముందు ఆ కెగెల్ ఆపండి.

పరీక్షల్లో క్రిములు లేకుండా, మూడు నెలలకు మించి ఇలా ఉంటే దాన్ని దీర్ఘకాలిక కటి నొప్పి అంటాం. పాతపేరు ప్రోస్టటైటిస్. చాలామందిలో అసలు దోషం మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిది కాదు, దాని కింద ఊయలలా ఉండే కండరాలది. పది గంటలు కూర్చోవడం, బైకు మీద దూర ప్రయాణం, మలబద్ధకం, ఆందోళనతో అవి ఎప్పుడూ బిగించి ఉంటాయి. స్ఖలనంలో ఆ కండరాలే పదేపదే ముడుచుకుంటాయి, తర్వాత కాలి పిక్క పట్టేసినట్టు పట్టేస్తాయి. కెగెల్ అంటే వాటిని ఇంకా బిగించడం. మీకు కావాల్సింది వదలడం.

వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, చేయి పొట్ట మీద పెట్టి, ఊపిరి పీల్చినప్పుడు పొట్ట లేచేలా ఐదు నిమిషాలు శ్వాస తీయండి. పీల్చేటప్పుడు మూత్రం పోయడానికి వదిలినట్టు కింది కండరాన్ని వదలాలి. రోజుకు రెండు మూడుసార్లు. గొంతుకూర్చుని నిమిషం సేపు ఉండటం కూడా మంచిదే. టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసుకుని 10–15 నిమిషాలు కూర్చుంటే స్ఖలనం తర్వాతి పోటు తొందరగా తగ్గుతుంది. ప్రతి ముప్పావు గంటకు కుర్చీ లోంచి లేవండి. కటి కండరాలకు ప్రత్యేకంగా చికిత్స చేసే ఫిజియోథెరపిస్టులు బెంగళూరు, హైదరాబాద్ లాంటి నగరాల్లో ఉన్నారు. యూరాలజిస్టు కొన్ని వారాలు టామ్సులోసిన్ లాంటి మందు ఇచ్చి చూడొచ్చు. క్రిమి ఏదీ దొరక్కుండా ఐదో యాంటీబయోటిక్ వద్దు.

రెండు సంగతులు మాత్రం తేల్చుకోండి. నిరాశకు, ఆందోళనకు మాత్రలు వాడుతుంటే కొన్నింటితో స్ఖలనంలో నొప్పి వస్తుంది. ఉన్నట్టుండి మానకండి, డాక్టరుతో చెప్పి మార్పించుకోండి. రెండోది రాయి. కిడ్నీ నుంచి మూత్రసంచికి వచ్చే గొట్టం చివర ఇరుక్కున్న చిన్న రాయి అంగం మొనలో పోటుగా తెలుస్తుంది, అది మామూలు అల్ట్రాసౌండ్‌లో తప్పిపోవచ్చు. పోటుతోపాటు మాటిమాటికీ మూత్రం వస్తుంటే సీటీ స్కాన్ గురించి అడగండి. చలిజ్వరం వచ్చి మూత్రం కష్టమైతే అది వేరే సంగతి. ప్రోస్టేట్‌కు తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ కావచ్చు, అదే రోజు ఆస్పత్రిలో చేరాలి.

కువైట్‌లో డ్రైవర్‌ని. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు స్నేహితుడిచ్చిన ‘మూలికల’ మాత్ర వేసుకున్నా. కలయిక అయిపోయినా అంగం దిగలేదు, నొప్పి. తెల్లవారేసరికి తగ్గింది. మళ్లీ వాడొచ్చా?
— ఓ పాఠకుడు, రాజంపేట

వాడొద్దు. మూలికలని అమ్మే ఇలాంటి మాత్రల్లో చెప్పకుండా సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) కలపడం చాలా దేశాల ఔషధ నియంత్రణ సంస్థలు పట్టుకున్నాయి. ఎంత మోతాదు ఉందో ఎవరికీ తెలియదు. మీరు అదృష్టం కొద్దీ బయటపడ్డారు. స్తంభన 4 గంటలు దాటితే లోపల నిలిచిన రక్తంలో ప్రాణవాయువు అయిపోయి కండరం చావడం మొదలవుతుంది. ఒక రోజు దాటితే మళ్లీ ఎప్పటికీ స్తంభన రాకపోవచ్చు. ఆస్పత్రిలో సూదితో ఆ రక్తం తీసి మందు ఎక్కిస్తారు, త్వరగా వెళ్తే అంతటితో సరి. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి మందులు వాడేవాళ్లు ఈ మాత్రలు వేసుకుంటే బీపీ పడిపోయి ప్రాణానికే ముప్పు.

మాత్ర ఏదీ వేసుకోకుండానే ఇలా పదేపదే జరిగే కుర్రాళ్లకు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా మారే పుట్టుక జబ్బు) పరీక్ష చేయించాలి. అల్లూరి సీతారామరాజు జిల్లా, ఆదిలాబాద్ వంటి గిరిజన ప్రాంతాల్లో ఈ జబ్బు ఉంది. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద అక్కడ పరీక్షలు ఉచితంగా చేస్తున్నారు.

అంగం పైవైపు తీగలా గట్టిగా తగులుతోంది. క్యాన్సరా? — తెనాలి

కాదు. జోరుగా కలిసిన మరుసటి రోజో, రెండు రోజులకో కనిపిస్తే అది చర్మం కింది సిరలో రక్తం గడ్డకట్టడం. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కరిగిపోతుంది. నొప్పి పోయేదాకా కలయిక, హస్తప్రయోగం మానండి. ఒకసారి డాక్టరు చేత్తో చూసి ఖాయం చేస్తే మనసు కుదుటపడుతుంది.

వీర్యంలో రక్తం కనిపించింది, నొప్పి లేదు. — వరంగల్, 32 ఏళ్లు

నలభై లోపు ఒకటి రెండుసార్లు వస్తే సాధారణంగా భయం లేదు. కొన్ని వారాలపాటు గోధుమరంగు కనిపించి పోతుంది. అయినా మూత్ర పరీక్ష, బీపీ చూపించుకోండి. నలభై దాటినవాళ్లు, లేదా నెల దాటినా ఆగనివాళ్లు యూరాలజిస్టును కలవాలి. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష చేయించే ముందు రెండు రోజులు స్ఖలనం లేకుండా చూసుకోవాలి, లేకపోతే అంకె తప్పుగా పెరిగి అనవసరంగా కంగారు పడతారు.

కండోమ్ వాడితేనే మంట. — నెల్లూరు

ప్యాకెట్ చూడండి. ‘ఎక్కువసేపు’ అని రాసి ఉన్నవాటిలో బెంజోకైన్ అనే తిమ్మిరి మందు ఉంటుంది. కొందరికి దాంతోనే మంట. తిమ్మిరెక్కినప్పుడు చర్మం చిరిగినా తెలియదు, పొద్దున మంట పుట్టాక తెలుస్తుంది. మామూలువి వాడి చూడండి. అప్పుడూ దురద, ఎరుపు, వాపు వస్తే లేటెక్స్ (కండోమ్ రబ్బరు) పడటం లేదు, లేటెక్స్ లేనివి దొరుకుతాయి. కొబ్బరినూనె రాయకండి, నూనె తగిలితే లేటెక్స్ నిమిషాల్లో బలహీనపడి చిరుగుతుంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి? వెళ్లి ఏమని మొదలుపెట్టాలి? — చాలామంది

పుండు, పగులు, స్రావం, దురద ఉంటే చర్మ, సుఖవ్యాధుల డాక్టరు. వృషణం, వంపు, స్ఖలనంలో నొప్పి, మూత్రంలో రక్తం ఉంటే యూరాలజిస్టు. మీ ఊళ్లో వాళ్లు లేకపోతే జనరల్ సర్జన్ చాలు. బస్టాండ్ గోడల మీద ఫోన్ నంబర్లు రాసుకునేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. నోటితో చెప్పడం కష్టంగా ఉంటే కాగితం మీద నాలుగు ముక్కలు రాసి ఇవ్వండి: ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, కలయికకు ఎంతసేపటికి వస్తుంది, ఏ మందులు వాడారు. ట్యూబులు, మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి. బట్టలు విప్పి చూడకుండా మందు రాసిచ్చే డాక్టరు దగ్గర ‘ఒకసారి చూడండి సార్’ అని మీరే అడగండి.